వంశవృక్షం ముందుకు సాగని చోట ఏం చేయాలి

తెలుగు కుటుంబాల్లో వంశవృక్షం రాయడానికి పూనుకున్నవారు చాలావరకు ఒకే తరం దగ్గర ఆగిపోతారు. తాతగారి పేరు, ఆయన అన్నదమ్ముల పేర్లు ఇంట్లో అందరికీ తెలిసే ఉంటాయి. ముత్తాత పేరు ఒకరిద్దరు పెద్దలకు గుర్తుంటుంది. ఆయన తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడి నుంచో కరువులో వలస వచ్చారన్న మాట తప్ప మరేమీ మిగలదు. అక్కడ ఆగినవారు సాధారణంగా అదే పేరును మరిన్ని చోట్ల వెతుకుతూ కాలం గడుపుతారు. అయితే మన ప్రాంతంలో మిగిలి ఉన్న పాత కాగితాలు మనుషులను గుర్తుపెట్టుకోవడానికి రాసినవి కావు. భూమి కోసం, శిస్తు కోసం, మాన్యం కోసం, తగవు తీర్చడం కోసం రాసినవి. కాబట్టి దారి మూసుకుపోయినప్పుడు పేరును కాసేపు పక్కన పెట్టి, ఆ మనిషి సాగుచేసిన నేలను, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన స్త్రీ పుట్టింటిని, పెద్దలు చెప్పే సంవత్సరం పేరును పట్టుకుని వెతకడమే ఫలితమిచ్చే పద్ధతి అని నా గట్టి నమ్మకం.

విదేశాల్లో రాసిన మార్గదర్శకాలు జనాభా లెక్కలతో మొదలుపెట్టమంటాయి. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలున్న లెక్కల పత్రాలను ఎవరికీ చూపించరు. జనన మరణాల నమోదు మద్రాసు రాజధానిలో 1899 చట్టంతోనే ఉన్నా, దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో వచ్చింది. పాత గ్రామ రిజిస్టర్లలో నామకరణానికి ముందే నమోదు జరిగేది కాబట్టి చాలాచోట్ల బిడ్డ పేరు ఉండదు, తండ్రి పేరు, బిడ్డ ఆడో మగో మాత్రమే ఉంటుంది. తాత పేరుతో వెతికి దొరకలేదనుకున్నవారు అదే రిజిస్టరులో ముత్తాత పేరుతో, ఊరి పేరుతో మళ్లీ చూడాలి.

ముందుగా ప్రశ్నను కుదించండి

"మా పూర్వీకులెవరు" అన్న ప్రశ్నకు ఏ కార్యాలయంలోనూ జవాబు దొరకదు. "1900 ప్రాంతంలో ఫలానా ఊళ్లో భూమి ఉన్న వెంకటసుబ్బయ్య తండ్రి ఎవరు" అన్న ప్రశ్నకు దొరికే అవకాశం ఉంది. ఒక కాగితం మీద మీకు ఇప్పటికే తెలిసిన ప్రతి విషయాన్నీ, దాని పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో రాయండి. ఇలా రాసినప్పుడు, ఖాయమనుకున్న సంగతుల్లో సగం ఒకే మనిషి నోట విన్నవని తేలడం మామూలే. ఆ బలహీనమైన కొసను గుర్తించడమే మొదటి పని, ఎందుకంటే దారి మూసుకుపోయిందనుకున్న చోటికి ఒక తరం ముందే మనం తప్పుదారి పట్టి ఉండవచ్చు.

ఆ తప్పుదారి పట్టించే వాటిలో మొదటిది తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. పెద్ద కొడుకు పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టే ఇళ్లలో వెంకటసుబ్బయ్య, రామయ్య, మళ్లీ వెంకటసుబ్బయ్య, మళ్లీ రామయ్య అని పేర్లు తిరుగుతూనే ఉంటాయి. అన్నదమ్ములందరూ తమ కొడుకులకు అదే తాత పేరు పెట్టుకోవడం వల్ల ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురు నలుగురు దాయాదులు ఒకే కాలంలో ఉంటారు. పేరు కలిసిందని ఇద్దరిని ఒక్కరిగా చేస్తే చెట్టులో ఒక తరం మాయమవుతుంది. తరానికి పాతిక నుంచి ముప్పై ఏళ్లు వేసుకుని లెక్క చూడండి. ఒకే మనిషి పేరు మీద ఎనభై ఏళ్ల పొడవునా దస్తావేజులు కనిపిస్తే అక్కడ కచ్చితంగా ఇద్దరున్నారు. భార్య పేరు, సర్వే నంబరు, సంతకం చేశాడా వేలిముద్ర వేశాడా అన్న సంగతి, ఈ మూడూ ఒకే పేరున్న దాయాదులను విడదీయడానికి పనికొస్తాయి.

రెండవది దత్తత, ఇల్లరికం. దత్తు వెళ్లిన పిల్లవాడి ఇంటిపేరు, గోత్రం మారిపోతాయి, తరువాతి తరాలు పెంచిన తండ్రినే కన్నతండ్రిగా చెప్పుకుంటాయి. ఒక కుటుంబం భూమి హఠాత్తుగా వేరే ఇంటిపేరు గలవారి చేతిలో కనిపించి, దాని మధ్యలో అమ్మకం కాగితం లేకపోతే, అది దత్తతో, ఇల్లరికపు అల్లుడో, కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఆస్తో అయి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి చోట అమ్మకం పత్రాల కోసం వెతకడం మాని దత్తత పత్రం, దాన పత్రం, వీలునామా కోసం వెతకాలి.

ఆడవారి వైపు నుంచి వెళ్లడం

మన వంశవృక్షాల్లో ఎక్కువభాగం మగవారి పేర్లతోనే నిండి ఉంటాయి; భార్య గడిలో పేరు ఉంటే ఉంటుంది, ఆమె పుట్టిల్లు ఏ ఊరో ఉండదు. వెతుకులాట ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు కనిపించదు. పెళ్లి అంటే రెండు ఊళ్ల మధ్య, రెండు ఇళ్ల మధ్య ఏర్పడిన సంబంధం. మీ ఇంట్లో మరిచిపోయిన సంగతి ఆ రెండో ఇంట్లో భద్రంగా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో ఇది మరింత నిజం. ముత్తాత తన మేనమామ కూతురిని పెళ్లాడి ఉంటే, ముత్తవ్వ పుట్టింటివారు ముత్తాత తల్లి పుట్టింటివారే అవుతారు. అంటే ఆ ఇంటి చరిత్ర తెలిసిన ఒక్క మనిషి దొరికితే రెండు తరాల ఆడవారి పుట్టుక ఒకేసారి తేలుతుంది. ఆ ఇంటివారు తమ ఆడపడుచును ఏ ఊరికి, ఎవరి కొడుక్కి ఇచ్చారో గుర్తుపెట్టుకుని ఉంటే, మనకు తెలియని ముత్తాత తండ్రి పేరు అక్కడి నుంచి బయటికి వస్తుంది. కాబట్టి పెద్దలను అడిగేటప్పుడు "మీ తాతగారి తండ్రి పేరేమిటి" అని అడిగి ఊరుకోకుండా, మీ నాయనమ్మది ఏ ఊరు, ఆమె పుట్టింటివారి ఇంటిపేరేమిటి, ఆమెకు పురిటికి ఏ ఊరు తీసుకెళ్లారు, మేనత్తలను ఏయే ఊళ్లకు ఇచ్చారు, పెళ్లికి మేనమామ ఎవరు వచ్చారు అని అడగాలి. ఇటువంటి ప్రశ్నలకు ఇంట్లోని పెద్ద మగవారికన్నా వారి అక్కచెల్లెళ్లు ఎక్కువ చెప్పగలరు, ఎందుకంటే పెళ్లిళ్లు, పురుళ్లు, పెట్టుపోతల జ్ఞాపకమంతా వారి దగ్గరే ఉంటుంది.

కర్మకాండలోనూ ఈ సమాచారం దాగి ఉంది. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా చెబుతారు; మహాలయ పక్షంలో, పుష్కరాల్లో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, తల్లి వైపు తాతముత్తాతల పేర్లు కూడా చెబుతారు. మీ తాతగారు బతికి ఉన్న రోజుల్లో ఆయన తన తండ్రికి పెట్టిన తద్దినంలో చెప్పిన పేర్లు ఇవాళ మీరు చెప్పే వాటికన్నా రెండు తరాలు పైకి వెళతాయి. ఆ జాబితాను పుస్తకంలో రాసుకున్న పురోహితుల కుటుంబం ఇంకా ఆ ఊళ్లో ఉందేమో విచారించండి. వైదిక పెళ్లిళ్లలో ప్రవర చెప్పేటప్పుడు వధూవరులిద్దరి వైపు మూడేసి తరాల పేర్లు చదువుతారు కాబట్టి పాత పెళ్లి కాగితాలను, లగ్నపత్రికలను పారేయకుండా చూడండి. తద్దినాల ఆచారం లేని ఇళ్లలో తెలంగాణలో పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దల పేరున బియ్యమిచ్చేటప్పుడు, కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరిని తలచుకుంటారో అడిగి రాసుకోవచ్చు. మీ పెద్దల్లో ఎవరైనా కాశీ, గయ, ప్రయాగ యాత్ర చేసి ఉంటే, అక్కడి పండాలు (తీర్థ పురోహితులు) యాత్రికుల వంశవివరాలను ప్రాంతాలవారీగా బహీలనే పుస్తకాల్లో రాసుకునే సంప్రదాయం ఉందని గుర్తుంచుకోండి. మీ ఊరు, పాత జిల్లా, ఇంటిపేరు చెప్పి విచారించాలి.

సంవత్సరం పేరును తేదీగా మార్చడం

"మా జేజినాయన రక్తాక్షిలో పుట్టాడు" అని పెద్దలు చెబితే, అది ఉజ్జాయింపు మాట అని కొట్టిపారేయకూడదు. అరవై సంవత్సరాల చక్రంలో మొదటిదైన ప్రభవ 1807, 1867, 1927, 1987 సంవత్సరాల ఉగాదులతో మొదలైంది. దాన్ని బట్టి రక్తాక్షి 1864-65, 1924-25, 1984-85 అవుతుంది. మూడింటిలో ఏది సరిపోతుందో పిల్లల వయసులను బట్టి ఇట్టే తేలిపోతుంది.

తేదీ తెలియని చోట పెద్ద ఆపదలు గుర్తురాళ్లుగా నిలుస్తాయి. గుంటూరు ప్రాంతాన్ని ఖాళీ చేసిన నందన కరువు 1832-33 నాటిది. బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. రాయలసీమ వాసులు తరతరాలుగా చెప్పుకునే ధాత కరువు 1876-78 నాటిది. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చింది 1918లో. రంగూన్ నుంచి తెలుగువారు కాలినడకన తిరిగి వచ్చింది 1942లో. "మా అవ్వ కరువులో చంటిపిల్ల" అన్న మాట విన్నప్పుడు ఏ కరువు, అప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు, ఎవరెవరు చనిపోయారు అని వరుసగా అడిగితే మరిచిపోయామనుకున్న పేర్లు కూడా బయటపడతాయి.

భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మద్రాసు రాజధాని లెక్కలో అది జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి నెలల దగ్గర జాగ్రత్తపడాలి.

ఊరు ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకోకుండా వెతకవద్దు

రికార్డు లేదని కార్యాలయంలో చెప్పిన సందర్భాల్లో చాలాసార్లు నిజంగా జరిగింది, మనం తప్పు కార్యాలయంలో అడగడం. ఒంగోలు ప్రాంతపు కుటుంబాన్నే తీసుకోండి. ఆ ప్రాంతం 1970 నుంచి ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలో ఉంది. అంతకుముందు 1904 నుంచి గుంటూరు జిల్లాలో ఉండేది. 1904కు ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. అదే ప్రకాశం జిల్లాలో చేరిన మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉంది. గుంటూరు జిల్లా 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయి 1904లో మళ్లీ ఏర్పడింది కాబట్టి మధ్యకాలపు కాగితాలు కృష్ణా జిల్లా పేరుతో ఉంటాయి. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. మునగాల పరగణా నలుమూలలా నిజాం రాజ్యం ఉన్నా, కృష్ణా జిల్లా పాలనలో ఉండి 1959లో నల్లగొండలో చేరింది. భద్రాచలం కూడా 1959లోనే తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి వెళ్లింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. మీ ఊరికి కూడా ఇలాంటి వరుస ఒకటి రాసుకుని, ఏ కాలపు కాగితం ఏ జిల్లా కేంద్రానికి చెందుతుందో చూసుకున్నాకే ప్రయాణం పెట్టుకోండి.

ఊరి పేరు విషయంలో మరో చిక్కు ఉంది. పెద్దలు చెప్పే ఊరు తరచు శివారు గ్రామమో, పాలెమో, అగ్రహారమో అయి ఉంటుంది. భూమి లెక్కలన్నీ దాని రెవెన్యూ గ్రామం పేరు మీద ఉంటాయి. ఇంటిపేరుగా మిగిలిన ఊరు ఇవాళ పటంలో కనిపించకపోతే అది కల్పితమని అనుకోవద్దు. జనం ఖాళీ చేసిన ఊళ్లను రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ గ్రామాలుగా రాస్తారు. ఊరు పోయినా దాని పేరు మీద సర్వే నంబర్లు ఇంకా నడుస్తుంటాయి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల ఆధ్వర్యంలో సేకరించిన గ్రామ కైఫీయతుల్లో ఊళ్లు ఎలా ఏర్పడ్డాయో, ఎప్పుడు పాడుబడ్డాయో, కరణీకం, మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) ఎవరికి చెల్లాయో ఉంటుంది. మీ పూర్వీకుడి పేరే అందులో దొరకాలని ఆశించడం సరికాదు గానీ, వలస కథలో నిజమెంతో తేల్చడానికి ఇంతకన్నా మంచి ఆధారం అరుదు.

నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లో మునిగిన ఊళ్లవారికి ఊరే లేదు కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ ఊళ్లకు భూసేకరణ అవార్డులు, అంటే పరిహారం నిర్ణయించిన ఉత్తర్వులు, ఉన్నాయి. నష్టపరిహారం పంచడం కోసం ప్రతి ఇంటికి, ప్రతి భూమి చెక్కకు హక్కుదారులెవరో, వాటాదారులెవరో విచారించి రాశారు. ఏ ఊళ్లోనూ ఒక్క తరాన్ని ఇంత సమగ్రంగా రాసిన కాగితం మరొకటి ఉండదు.

భూమి కాగితాలు: అసలు పని ఇక్కడే

కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో సర్వే సెటిల్మెంటు, రీసెటిల్మెంటు రిజిస్టర్లు ఆనాటి పట్టాదారు పేరును సర్వే నంబరు పక్కన చూపుతాయి. ఏటేటా రాసిన అడంగల్ సాగుదారును చూపుతుంది. తెలంగాణలో మొదటి సర్వే నాటి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి చేసాల పహాణీ, ఏటేటి పహాణీలు అదే పని చేస్తాయి. ఇవాళ మీ కుటుంబం చేతిలో ఉన్న, లేదా తాతల కాలంలో అమ్ముకున్న ఒక సర్వే నంబరును పట్టుకుని ఏడాది తరువాత ఏడాది వెనక్కి వెళ్లండి. ఒక సంవత్సరం పట్టాదారు పేరు మారుతుంది. ఆ మార్పు ఎందుకు జరిగిందో తెలుసుకోవడమే మీ పని: అమ్మకమైతే దస్తావేజు ఉంటుంది, వారసత్వమైతే విరాసత్ లేదా పట్టా మార్పిడి ఉత్తర్వు ఉంటుంది, అందులో చనిపోయిన వ్యక్తి, అతని వారసులు, వారి మధ్య బంధుత్వం స్పష్టంగా ఉంటాయి. సర్వే నంబరు రీసర్వేలో మారి ఉంటే పాత కొత్త నంబర్ల పోలిక పట్టీని అడగాలి; అది చూడకుండా "ఆ నంబరులో మీవాళ్లు లేరు" అన్న జవాబుతో వెనుదిరగకూడదు.

1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. కొన్ని తహసీల్దారు కార్యాలయాలకు చేరాయి, కొన్ని మాజీ గ్రామాధికారుల ఇళ్లలోనే ఉండిపోయాయి. కాబట్టి కార్యాలయంలో దొరకని పుస్తకం కోసం ఆ ఇంటివారిని మర్యాదగా అడగడం తప్పు కాదు. ఆ లెక్కలు గొలుసుకట్టు రాతలో, తెలుగు అంకెల్లో ఉంటాయి. తెలంగాణ కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఫొటో తీసుకుని చదవగలిగినవారికి చూపించండి. ఉర్దూ కాగితాల్లో పేరు తరువాత "వల్ద్" అని ఉంటే తరువాతిది తండ్రి పేరు, "జౌజే" అని ఉంటే భర్త పేరు అని తెలిస్తే సగం పని అయినట్టే.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం చాలామంది వాడుకోని గని. ఆన్‌లైన్‌లో భారాల ధ్రువపత్రం (ఈసీ, ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది కాబట్టి అంతకుముందు ఏమీ లేదని అనుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు మొదటి పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. మొదటి పుస్తకానికి సంబంధించి రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్ల వరుసలో ఒక సూచిక, ఆస్తుల వరుసలో మరో సూచిక ఉంటాయి. ఆ పుస్తకాన్ని, రెండు సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామా రాసిన వ్యక్తి మరణించి ఉంటే దాని నకలు కూడా పొందవచ్చు. పేరుతో దొరకనప్పుడు ఆస్తుల సూచికలో ఊరు, సర్వే నంబరు పట్టుకుని వెతకండి. అన్నిటికన్నా విలువైనది భాగపంపకాల పత్రం: అన్నదమ్ములు, వారి తండ్రి, చనిపోయిన అన్న భార్య, మైనరు పిల్లలు, వారి సంరక్షకులు అందరూ అందులో ఒకేచోట ఉంటారు. సాక్షుల పేర్లను, హద్దుల్లో రాసిన పక్క పొలాలవారి పేర్లను కూడా విధిగా రాసుకోండి. తూర్పు హద్దు, పడమర హద్దు చేలు దాయాదులవే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఒకప్పుడు అదంతా ఒకే చేను.

మాన్యాలున్న కుటుంబాలకు ఇంకా పాత ఆధారం ఉంది. మద్రాసు ప్రభుత్వం 1858లో నియమించిన ఇనాం కమిషన్ 1860 దశకంలో ప్రతి మాన్యాన్నీ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, విచారణ నాటికి ఎవరి చేతిలో ఉంది, ఆ వ్యక్తి వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతాడు అన్న వివరాలు అందులో ఉంటాయి. అంటే ఒక్క వరుసలోనే మీరు పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్లగలుగుతారు. వీటి కోసం జిల్లా కలెక్టరు కార్యాలయపు రికార్డు గదిలో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖల కేంద్రంలో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖల కేంద్రంలో విచారించాలి. అర్జీలో గ్రామం, పాత తాలూకా, పాత జిల్లా, సర్వే నంబరు, ఫసలీ స్పష్టంగా రాయండి. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు కోరండి.

భూమి లేని కుటుంబాలు

భూమి లేనివారికి చరిత్ర దొరకదన్న మాటను నేను ఒప్పుకోను. తలారి, నీరటి, వెట్టి, మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి వృత్తులవారికి గ్రామసేవ మాన్యాలు ఉండేవి. అవి ఇనాం రిజిస్టర్లలో పేర్లతో సహా ఉంటాయి, తెలంగాణలో సేత్‌సింధీ ఇనాంలుగా కనిపిస్తాయి. తరువాతి కాలంలో ప్రభుత్వ భూమిని పంచుతూ ఇచ్చిన డీకేటీ పట్టాలు, లావణి పట్టాలు మరో ఆధారం. పాఠశాల ప్రవేశ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి.

క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు గొప్ప ఆధారం. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి పనిచేసింది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. బాప్తిస్మంతో పేరు మారడం వల్లనే చాలా దళిత కుటుంబాల్లో వెతుకులాట ఆగుతుంది. పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రుల పేర్లు ఒకే వరుసలో ఉన్నాయేమో చూడటానికి ఇవాళ్టి సంఘాన్ని కాక, ఆ ఊరు ఆనాడు ఏ మిషన్ కేంద్రం కింద ఉండేదో ఆ కేంద్రాన్ని అడగాలి. ముస్లిం కుటుంబాలు ఖాజీల దగ్గరి నికాహ్ రిజిస్టర్లను చూడాలి.

వీటన్నిటికీ తోడు, మన సమాజంలో వంశాలను నోటితో నిలబెట్టిన ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లు మొదలైన కులాల గోత్రాలను, ఇంటిపేర్లను పొగిడే వంశరాజులు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు తరతరాలుగా తమ వాటా ఊళ్లకు వచ్చి వెళుతుంటారు. మీ ఊరు ఏ కుటుంబం వాటాలో ఉందో తెలిస్తే ఆ కుటుంబాన్ని వెతికి, తగిన గౌరవంతో, సంభావనతో చెప్పించుకోండి, అనుమతి తీసుకుని రికార్డు చేయండి. వారు చెప్పే మూలపురుషుడి కథ పురాణం. దాన్ని తేదీలతో కొలవకూడదు. చివరి నాలుగైదు తరాల పేర్లు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారన్న వరుస మాత్రం సాక్ష్యంగా తీసుకోదగినవి, ఎందుకంటే ఆ ఇళ్లవారి ముందు నిలబడి చెప్పేటప్పుడు వాటిలో తప్పు దొర్లితే వినేవారే సరిదిద్దుతారు.

సముద్రం దాటినవారి సంతతి

దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ తెలుగువారికి దారి మరో రకంగా మూసుకుపోతుంది. ఒప్పంద కూలీల పత్రాల్లో ఇంటిపేరు రాయకపోవడం వల్ల నాయుడు, రెడ్డి వంటి కులబిరుదులే, లేదా తాత పేరే తరువాతి తరాలకు ఇంటిపేరుగా మిగిలింది. వారు పేరుతో కాకుండా, ప్రతి కూలీకి వలస అధికారులు ఇచ్చిన సంఖ్యతో వెతకాలి. ఆ సంఖ్య పాత పెళ్లి, మరణ పత్రాల్లో ఉంటుంది. దాని ద్వారా ఓడ జాబితాలో తండ్రి పేరు, వయసు, కులం, గ్రామం, తాలూకా, జిల్లా దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి 1911 వరకు, ఫిజీకి మద్రాసు నుంచి 1903 తరువాత కూలీలు వెళ్లారు. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఆ జాబితాల్లో చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లూరు అంటే ఏలూరు, బెజవాడ అంటే విజయవాడ. చిన్న ఊళ్ల పేర్లను అర్థం చేసుకోవాలంటే ఇంగ్లీషు అక్షరాలను పైకి చదివి, ఆ తాలూకాలోని గ్రామాల జాబితాతో పోల్చాలి.

దొరికినదాన్ని తూచడం

ఆధారాలు ఒకదానితో ఒకటి పోట్లాడినప్పుడు, సంఘటన జరిగిన కాలానికి దగ్గరగా, తనకు లాభం లేని మనిషి రాసినదాన్ని ముందు నమ్మండి. పరిహారం కోసం చెప్పిన వయసు కన్నా, పొరుగువాడి దస్తావేజులో సాక్షిగా రాసిన తండ్రి పేరు నమ్మదగినది. డీఎన్ఏ పరీక్షల మీద మన ఇళ్లలో అతిగా ఆశ పెట్టుకోవద్దు; తరతరాలుగా కులంలోనే, అందులోనూ మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో, దూరపు బంధువులు కూడా దగ్గరివారిలా కనిపిస్తారు. ఖాళీ వచ్చిన చోట రాజవంశంతోనో, గొప్ప సేనానితోనో చెట్టును అతికించడం అన్నిటికన్నా హానికరం, ఎందుకంటే రేపు వెతికేవారు అదే నిజమనుకుని అసలు దారిని వెతకడం మానేస్తారు.

దారి నిజంగా అక్కడితో ఆగితే, ఆ పేరు పై గడిని ఖాళీగా వదిలి, దాని కింద ఏ ఊరి ఏ రిజిస్టరును, ఏ ఫసలీ నుంచి ఏ ఫసలీ వరకు చూశారో, ఏ కార్యాలయంలో ఏ పుస్తకం శిథిలమై ఉందో, ఎవరిని అడిగితే ఏం చెప్పారో రాయండి. ఆ ప్రతిని ఊళ్లో ఉన్న దాయాదుల ఇంట ఒకటి, ఆడపడుచుల ఇళ్లలో ఒకటి ఉంచండి. వారి ఇంట్లోని పాత పెట్టెలో ఒక కాగితం బయటపడిన రోజున, అది ఏ ఖాళీ గడికి చెందుతుందో వారికి తెలిసి ఉంటుంది.